మొదటిసారి హెడ్ కోచ్‌ని అయ్యాను: సీనియర్ సెట్టర్‌కి బెంచ్ అని ఎలా చెప్పాలి?

కృష్ణలంక కోచ్:

అందరికీ నమస్కారం అండి. విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో అమ్మాయిల వాలీబాల్ టీంకి నాలుగేళ్లుగా అసిస్టెంట్‌గా చేస్తున్నాను. మా పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ మొన్న జూన్‌లో రిటైరయ్యారు. వెళ్లేముందు నన్ను ప్రిన్సిపాల్ గారి రూంకి తీసుకెళ్లి "ఇక టీం ఈ అమ్మాయే చూసుకుంటుంది" అని చెప్పి, తన విజిల్, స్టోర్‌రూం తాళంచెవులు నా చేతిలో పెట్టారు. అలా హెడ్ కోచ్‌ని అయ్యాను. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. ఎంపీఈడీ (వ్యాయామ విద్యలో పీజీ) చేశాను, యూనివర్సిటీ టీంకి రెండేళ్లు మిడిల్ బ్లాకర్‌గా ఆడాను. ఆట తెలియదన్న భయం లేదు. నిర్ణయం తీసుకోవాల్సిన చోటే కాలు ముందుకు పడటం లేదు.

ఇన్నాళ్లూ నా పని వార్మప్ చేయించడం, బంతులు వేయడం, ఎవరికైనా మడమ బెణికితే ఐస్ పెట్టడం, సాయంత్రం ఊళ్లకి వెళ్లే పిల్లల్ని బస్టాండులో బస్సు ఎక్కించడం. సార్ గట్టిగా తిడితే ఏడ్చే పిల్లని పక్కకి తీసుకెళ్లి మంచినీళ్లు ఇవ్వడమూ నా పనే. ఎవరు ఆడాలి, ఎవరు కూర్చోవాలి అన్నది మాత్రం ఎప్పుడూ సార్ చెప్పేవారు.

మాది మట్టి కోర్టు. సాయంత్రం అబ్బాయిలు ఆడతారు, ఉదయం మేము. ఐదున్నరకి వెళ్లేసరికి నెట్ 2.43 మీటర్ల దగ్గరే ఉంటుంది. అమ్మాయిలకి ఉండాల్సింది 2.24. ఆ పందొమ్మిది సెంటీమీటర్లు దించకుండా ప్రాక్టీస్ చేయిస్తే పిల్లలు బంతిని పైకి కొట్టడం అలవాటు చేసుకుంటారు, మ్యాచ్‌లో అవన్నీ వెనక లైను దాటి పడతాయి. అందుకే పోల్ మీద ఎర్ర పెయింటుతో గీత పెట్టాను. నెట్ తాడు పాతది, మధ్యలో జారిపోతుంది, కర్రతో కొలిచి మళ్లీ లాగి కట్టాలి. తర్వాత బకెట్లతో నీళ్లు చల్లి, సున్నంతో లైన్లు వేస్తాం. ఈ పనంతా నాకు చాలా ఇష్టం. లైన్లు వేశాక లోపలికి ఏ ఆరుగుర్ని పంపాలన్న దగ్గరే టెన్షన్ మొదలవుతుంది.

మా కెప్టెన్ థర్డ్ ఇయర్. ఫస్ట్ ఇయర్ నుంచీ తనే సెట్టర్, అంటే స్పైకర్లు కొట్టడానికి బంతి అందించేది తనే. చేతులు చాలా మెత్తన, బంతి వేళ్ల మీద నుంచి వెళ్తే చప్పుడే ఉండదు. సర్వీస్ టీం మొత్తంలో తనదే బెస్ట్. కానీ పాస్ (వెనక నుంచి సెట్టర్‌కి వచ్చే మొదటి బంతి) కాస్త అటూ ఇటూ అయితే తనకి తెలిసిన దారి ఒకటే, ఎత్తుగా నాలుగో పొజిషన్‌కి, అంటే నెట్ దగ్గర ఎడమ చివరకి వేసేయడం. పోయిన వారం మూడు ప్రాక్టీస్ సెట్లు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. 64 బంతులు సెట్ చేస్తే 47 నాలుగుకే వెళ్లాయి. అవతలి వాళ్లు రెండో సెట్ నుంచే ఇద్దరు బ్లాకర్లని అక్కడికి జరిపి కాచుకున్నారు.

తిరువూరు వైపు నుంచి ఈ ఏడాది ఒక ఫస్ట్ ఇయర్ అమ్మాయి చేరింది. కాళ్లు ఎంత వేగమంటే, పాస్ ఎటు పోయినా బంతి కిందకి వెళ్లి నిలబడుతుంది. మూడుకి (నెట్ మధ్యకి) వేస్తుంది, రెండుకి (కుడి చివరకి) వేస్తుంది, వీపు వెనక్కి కూడా వేస్తుంది. డబుల్ టచ్‌లు (బంతి చేతులకి రెండుసార్లు తగిలే తప్పు) పోతాయి, ఇంకా పచ్చిదే. అయినా ఆ పిల్ల ఆడుతుంటే మా స్పైకర్ల ముందు ఒక్క బ్లాకరే ఉంటోంది. కళ్లతో చూస్తున్నాను, కాదనలేను.

ఐదు వారాల్లో ఇంటర్ కాలేజియేట్ పోటీలు. అక్కడ చూసే యూనివర్సిటీ టీంని ఎంపిక చేస్తారు, ఆ టీమే సౌత్ జోన్ యూనివర్సిటీల పోటీలకి వెళ్తుంది. మా కెప్టెన్‌కి ఇదే ఆఖరి అవకాశం. వాళ్ల నాన్నగారు ఆటో నడుపుతారు. సౌత్ జోన్ ఆడిన సర్టిఫికెట్ ఉంటే బీపీఈడీకో, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికో పనికొస్తుందని ఇంట్లో అందరూ ఆశ పెట్టుకున్నారు. నన్ను అక్కా అని పిలుస్తుంది. సంక్రాంతికి మా ఇంట్లో అరిసెలు వత్తిన పిల్ల.

తనకి ఎలా చెప్పాలి? అసలు చెప్పాలా, ఈ ఒక్క ఏడాదీ తననే ఆడించి ఊరుకోవాలా? ఇంకొకటి, హెడ్ కోచ్‌ని అయ్యాక కూడా "అక్కా" అని పిలిపించుకోవచ్చా? "మేడం" అనమని చెప్పండి, లేకపోతే చనువెక్కువై మాట వినరు అని మా స్టాఫ్‌రూంలో అంటున్నారు. ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

---

గుంటూరు పీడీ (రిటైర్డ్):

అమ్మా, నేను గుంటూరు జిల్లాలో ముప్పై ఒక్క ఏళ్లు పీడీగా చేశాను. నీ పోస్టు రెండుసార్లు చదివాను. 64లో 47 అని రాసుకున్నావు చూడు, అక్కడే సగం కోచ్‌వి అయ్యావు. మిగతా సగం, రాసుకున్నది ఆ పిల్లకి చూపించడం.

నేను చేసిన తప్పు చెబుతాను. కొత్తలో ఒక సీనియర్ అమ్మాయిని తప్పించాల్సి వచ్చింది. ఎదురుగా చెప్పడానికి నాకు నోరు రాలేదు. అసిస్టెంట్‌తో చెప్పించాను. ఆ అమ్మాయి నన్నేమీ అనలేదు, పోట్లాడలేదు, మర్నాటి నుంచి గ్రౌండుకి రాలేదంతే. డిగ్రీ అయ్యేదాకా కారిడార్‌లో నేను ఎదురొస్తే పక్క మెట్లు దిగిపోయేది. ఆటలో ఓడినవి చాలా మర్చిపోయాను కానీ ఆ పక్క మెట్లు మర్చిపోలేదు.

ప్రతి సెట్‌కి ముందు లైనప్ షీట్ ఇవ్వాలి కదా, దాని మీద సంతకం కోచ్‌ది. సంతకం నీదైనప్పుడు ఆ మాట కూడా నీ నోటి నుంచే రావాలి. మ్యాచ్ రోజు చెప్పకు, ముందురోజు రాత్రి ఫోన్‌లో అసలు చెప్పకు. ఈ వారమే చెప్పు. తలుపు మూసిన గదిలో వద్దు, అందరి ముందూ వద్దు. ప్రాక్టీస్ అయ్యాక కోర్టు అంచున కూర్చుని నోట్‌బుక్ తెరిచి చెప్పు. "నువ్వు బాగా ఆడటం లేదు" అనొద్దు, అది నిజం కూడా కాదు. ఏ బంతి ఎక్కడికి వెళ్తోందో చూపించు. ఏడిస్తే ఏడవనీ. ఓదార్చే తొందరలో "సరేలే, చూద్దాం" అన్నావంటే మాత్రం ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. చూద్దాం అన్న మాట పట్టుకుని ఆ పిల్ల నెల రోజులు ఆశతో బతుకుతుంది.

కెప్టెన్సీ తీసేయకు. టీం కెప్టెన్ కోర్టులో లేనప్పుడు గేమ్ కెప్టెన్‌గా ఇంకొకరిని చెప్పడానికి రూలు ఉంది. సెట్టర్ స్థానం వేరు, కెప్టెన్ స్థానం వేరు.

పిలుపు గురించి: అక్కా అననీ తల్లీ. మన ప్రాంతంలో ఆ మాటలో చనువుతో పాటు భయం, భక్తి కూడా ఉంటాయి. ఐదున్నర అంటే నువ్వు ఐదుంపావుకి అక్కడ ఉంటే, ఏమని పిలిచినా వింటారు.

మన ఆంధ్రా నుంచి వెళ్లిన రమణారావు గారికి 1990లో ద్రోణాచార్య ఇచ్చినప్పుడు నేను బీపీఈడీ చదువుతున్నాను. వాలీబాల్ కోచ్‌కి దేశం ఇంత గౌరవం ఇస్తుందని మాకు అప్పుడే తెలిసింది. మా బ్యాచ్‌లో సగం మంది ఆ వార్త చదివే ఈ వృత్తి మీద మనసు పెట్టాం. చిన్న కాలేజీ, మట్టి కోర్టు అని తక్కువ చేసుకోకు.

ఒక్క పని మాత్రం వెంటనే చెయ్యి. టీం అందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. పన్నెండు మంది టీం అంటే లెక్క వేసుకో. మనం బద్ధకం అనుకునేది చాలాసార్లు రక్తం లేకపోవడమే.

---

ఒకప్పటి లిబెరో:

అక్కా, నేను రెండో వైపు నుంచి చెబుతాను. తప్పించబడిన పిల్లని నేను.

సెకండ్ ఇయర్‌లో నా పేరు లిస్టులో లేదని నోటీసు బోర్డు దగ్గర తెలిసింది. చుట్టూ కామర్స్ వాళ్లు, సైన్స్ వాళ్లు, ల్యాబ్‌కి వెళ్తూ ఆగి చూసేవాళ్లు. బ్యాగులో మోకాళ్లకి వేసుకునే నీక్యాప్స్ ఉన్నాయి, ఆ రోజు ఉతికి తెచ్చుకున్నాను. ఎందుకు తీసేశారో నాకు ఈ రోజుకీ తెలియదు. ఒకవేళ నా రిసెప్షన్ (అవతలి సర్వీస్ అందుకోవడం) బాగాలేదని చెప్పి ఉంటే గోడకి కొట్టి అయినా నేర్చుకునేదాన్ని. కారణం తెలియకపోవడంతో నా మొహం నచ్చలేదేమో, మా ఊరు నచ్చలేదేమో అని ఏవేవో అనుకున్నాను. కాబట్టి చెప్పండి అక్కా. కోపం వస్తుంది, ఆ కోపం పోతుంది. కారణం తెలియని బాధే పోదు.

మరుసటి ఏడాది వేరే సార్ వచ్చారు. ఆయన రిసెప్షన్‌కి మార్కులు వేసేవారు. పాస్ నేరుగా సెట్టర్ చేతుల్లోకి వెళ్తే 3, సెట్టర్ కదలాల్సి వస్తే 2, బంతి బతికిందంతే అంటే 1, ఆ సర్వీస్‌కే పాయింట్ పోతే 0. ప్రాక్టీస్ అయ్యాక ఎవరి సగటు వాళ్లకి చూపించేవారు. నాది 1.4 నుంచి మొదలై 2.2 దాకా వచ్చింది. అదే నన్ను లిబెరోని (వెనక వరసలోనే ఆడుతూ బంతులు కాపాడే ప్లేయర్‌ని) చేసింది. ఆయన ఎవరి మీదా అరిచినట్టు గుర్తు లేదు, ఆ చిన్న అంకె చాలు. మన అమ్మాయిల కాలేజీ మ్యాచుల్లో చాలా పాయింట్లు సర్వీస్, రిసెప్షన్ దగ్గరే తేలిపోతాయి కదా. స్పైక్ కంటే ముందు అక్కడ టైం పెట్టండి.

టైమౌట్ గురించి మీరు అడగలేదు కానీ చెబుతాను. ముప్పై సెకన్లు. బెంచ్ దగ్గరికి వచ్చి నీళ్లు తాగేసరికి పది పోతాయి. అప్పుడు ఐదు విషయాలు చెబితే మాకు ఒక్కటీ చెవిలో పడేది కాదు. "ఆరో పొజిషన్‌కి (వెనక వరస మధ్యకి) సర్వీస్ చెయ్యండి" అని ఒక్క ముక్క చెబితే ఆరుగురం అదే పట్టుకుని వెళ్లేవాళ్లం.

మొదటి మ్యాచులు ఓడతారేమో, ఓడనివ్వండి. 2016 రియో ఒలింపిక్స్‌లో లాంగ్ పింగ్ కోచ్‌గా ఉన్న చైనా గ్రూపు దశలో ఐదు మ్యాచులు ఆడితే మూడు ఓడింది. తర్వాత క్వార్టర్స్‌లో సొంత గడ్డ మీద ఆడుతున్న బ్రెజిల్‌ని 3-2తో గెలిచి చివరికి బంగారం తెచ్చుకుంది. ఆవిడ 1984లో లాస్ ఏంజెలెస్‌లో ఆడి గెలిచిన మనిషి. అంతటి ఆవిడకే గ్రూపులో మూడు ఓటములు తప్పలేదు.

---

మంగళగిరి జంప్ సర్వ్:

నాదొక సందేహం. ఇద్దరు సెట్టర్లు ఉండగా ఒకరిని కూర్చోబెట్టడం ఎందుకు? ఇద్దరు సెట్టర్లతో ఆడే 6-2 పద్ధతి ఆడించండి. వెనక వరసలో ఉన్న సెట్టర్ సెట్ చేస్తుంది, ముందు ఎప్పుడూ ముగ్గురు కొట్టేవాళ్లు ఉంటారు. ఇద్దరికీ చోటు దొరుకుతుంది, ఎవరూ బాధపడరు.

---

కృష్ణలంక కోచ్:

సార్, ముందు నేనూ అదే అనుకున్నానండి. కానీ 6-2లో సెట్టర్ ముందు వరసలోకి వచ్చినప్పుడు స్పైకర్‌గా కొట్టాలి. మా కెప్టెన్ ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. తను ముందుంటే అవతలివాళ్లు తన తల మీదుగా కొట్టేస్తారు. పైగా ఇద్దరూ బంతి వేసే తీరు వేరు, స్పైకర్లు సగం సెట్ ఒక వేగానికి, సగం సెట్ ఇంకో వేగానికి దూకాలి. ఎవరూ బాధపడకూడదని సిస్టం మారిస్తే అది ఆట కోసం చేసినట్టు కాదనిపిస్తోంది. గుంటూరు సార్ చెప్పిన మాట మీద ఆలోచిస్తున్నాను.

---

గన్నవరం నాన్న:

మేడం గారూ, నాకు వాలీబాల్ రూల్స్ తెలియవు. మా అమ్మాయి వేరే కాలేజీలో ఆడుతుంది. తండ్రిగా నాలుగు మాటలు.

ఉదయం నాలుగున్నరకి పిల్లని లేపి చీకట్లో బస్టాపు దాకా తీసుకెళ్లేది మేము. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు, ఆ ఖర్చు తప్పింది, సంతోషం. డబ్బు కంటే మాకు ఉండేది భయం. టోర్నమెంటుకి తీసుకెళ్తే ఎక్కడ పడుకుంటారు, పక్కన ఆడ టీచర్ ఉంటారా, రాత్రి ఎన్నింటికి దిగుతారు, ఇవి పిల్లల ద్వారా కాకుండా మీ నోటితో వింటే మాకు నిద్ర పడుతుంది. మా అమ్మాయి కోచ్ ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి మజ్జిగ తాగి వెళ్లారు. పొట్టి నిక్కర్లని మా అమ్మ గొడవ చేస్తుంటే, లోపల టీం అందరూ ఒకే రంగు టైట్స్ వేసుకుంటారని ఆవిడే అమ్మకి నచ్చజెప్పారు. ఆ తర్వాత మేము ఒక్క టూర్‌కీ అడ్డు చెప్పలేదు. రెండో ఏడాదిలో వచ్చిన ఒక సంబంధం కూడా డిగ్రీ అయ్యాక చూద్దామని పక్కన పెట్టాం.

మీ కెప్టెన్ ఇంటికి కూడా వెళ్లండి. ఆ తండ్రికి పిల్ల చెప్పేలోపు మీరు చెప్పండి.

---

కృష్ణలంక కోచ్:

మూడు వారాలు అయింది. ఏం జరిగిందో రాయకపోతే మీ అందరి రుణం ఉంచుకున్నట్టు ఉంటుంది.

మీరు చెప్పిన ఆ వారమే, శుక్రవారం ప్రాక్టీస్ అయ్యాక తనని ఆగమన్నాను. ఇద్దరం సర్వీస్ లైను వెనక గట్టు మీద కూర్చున్నాం. నోట్‌బుక్ తెరిచి 64, 47 చూపించాను. ఫస్ట్ ఇయర్ పిల్లవీ పక్కన రాశాను, దాచలేదు. "ఇంటర్ కాలేజియేట్‌లో మొదలుపెట్టే ఆరుగురిలో సెట్టర్ ఆ అమ్మాయి. కెప్టెన్ నువ్వే" అన్నాను. నా గొంతు వణికింది. తను ఆ పేజీ వైపు చూస్తూనే "సరే అక్కా" అంది. లేచి వెళ్లి, కోర్టులో పడి ఉన్న బంతులన్నీ ఒక్కొక్కటే ఏరి, ఒక్కోదానికీ మట్టి తుడిచి వల సంచిలో వేసింది. మామూలుగా జూనియర్లు చేసే పని అది. నేను సాయానికి లేస్తే చేత్తోనే వద్దంది. సంచి మూతి కట్టి స్టోర్‌రూం ముందు పెట్టి వెళ్లిపోయింది.

శనివారం రాలేదు. గన్నవరం అన్నయ్య గారి మాట గుర్తొచ్చి ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్నగారు అప్పుడే ఆటో పెట్టి వచ్చారు. చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మీరు ఇంటికొచ్చి చెప్పారు, అది చాలు. సర్టిఫికెట్ వస్తుందా రాదా అన్నది మాత్రం నిజం చెప్పండి" అన్నారు. వస్తుందని చెప్పలేనన్నాను. సెలక్షన్ కమిటీ నా చేతిలో లేదు, కానీ తను కోర్టులో కనిపించే చోటు ఒకటి ఆలోచిస్తున్నానని చెప్పాను. తను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వింటోంది.

ఆ చోటు ఏమిటంటే, 6-2 గురించి మంగళగిరి సార్ అడిగాక కాగితం మీద రొటేషన్లు (ఆటలో ఆరుగురూ వరసగా చోట్లు మారడం) గీసుకుంటుంటే తట్టింది. ఒక్క సెట్టర్‌తో ఆడే 5-1లో సెట్టర్ ముందు వరసలోకి వచ్చినప్పుడు మూడు రొటేషన్ల పాటు ముందు ఇద్దరే కొట్టేవాళ్లు ఉంటారు. మాకు పాయింట్లు పోయేది అక్కడే. మా ఫస్ట్ ఇయర్ పిల్ల వెనక వరసలోని ఐదు నుంచి ముందు వరసలోని నాలుగో పొజిషన్‌లోకి వచ్చే క్షణంలో, దానికి ఎదురుగా ఉండే ఆపోజిట్ రెండు నుంచి ఒకటికి వెళ్లి సర్వీస్ చేయాలి. సరిగ్గా అప్పుడు రెండు మార్పులూ ఒకేసారి చేస్తే, నాలుగులోకి బెంచ్ మీది పొడుగు స్పైకర్ వస్తుంది, ఒకటిలోకి మా కెప్టెన్ వస్తుంది. అంటే తను రావడమే సర్వీస్ చేయడానికి వస్తుంది. తర్వాత వెనక వరస నుంచి సెట్ చేస్తుంది, ముందు ముగ్గురూ కొట్టేవాళ్లే. తను ముందు వరసలోకి వచ్చే సమయానికి మళ్లీ పాతవాళ్లిద్దరినీ లోపలికి పంపుతాను. వెళ్లడానికి రెండు, రావడానికి రెండు, మొత్తం నాలుగు మార్పులు. సెట్‌కి ఆరు ఉంటాయి కాబట్టి ఇంకా రెండు మిగులుతాయి. ఒక సెట్‌లో ఒక్కసారే చేయగలం, ఎందుకంటే మొదట ఆడినవాళ్లు బయటికి వచ్చి తిరిగి వెళ్లడానికి సెట్‌కి ఒక్క అవకాశమే. ఎప్పుడు వాడాలన్నదే నా నిర్ణయం.

సోమవారం తను వచ్చింది. ఇదంతా మట్టిలో పుల్లతో గీసి చూపించాను. చాలాసేపు చూసి, "నేను వచ్చేసరికి వాళ్ల రిసీవర్లలో ఎవరు అలిసిపోయారో ముందే నాకు తెలియాలి అక్కా" అంది. అప్పటి నుంచి నోట్‌బుక్ తన దగ్గరే ఉంటోంది. బెంచ్ మీద కూర్చుని అవతలివాళ్ల రిసెప్షన్‌కి 3, 2, 1, 0 వేస్తోంది. లిబెరో చెల్లెమ్మా, నీ సార్ పద్ధతి మా కాలేజీకి వచ్చేసిందమ్మా.

హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించాను సార్. ఉయ్యూరు నుంచి వచ్చే మా మిడిల్ బ్లాకర్ పదిహేను నిమిషాలకే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయేది. దాన్ని రోజూ కేకలేసేదాన్ని. హిమోగ్లోబిన్ 8.9 మాత్రమే ఉంది. రిపోర్టు చూశాక ఆ రోజు ఇంక ప్రాక్టీస్ చేయించలేకపోయాను. అన్ని కేకలు వేశాను ఆ పిల్లని. డాక్టరు గారు ఐరన్ మాత్రలు రాసి, టీ తాగిన వెంటనే వేసుకోవద్దన్నారు. జంపింగ్ ప్రస్తుతం ఆపించాను, చేతుల పనే చేయిస్తున్నాను. టీం మొత్తానికి ప్రాక్టీస్ తర్వాత ఉడకబెట్టిన గుడ్డు, వేరుశనగలు, బెల్లం ముక్క ఇవ్వాలని ప్రిన్సిపాల్ గారిని అడిగితే, స్పోర్ట్స్ ఫండ్ నుంచి గుడ్లకి ఒప్పుకున్నారు. వేరుశనగలు మా ఇంటి నుంచి తీసుకెళ్తున్నాను.

పోయిన ఆదివారం గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో ఒక కాలేజీ టీంతో ప్రాక్టీస్ మ్యాచ్ ఆడాం. మూడు సెట్ల మ్యాచ్. మొదటిది 25-18తో పోయింది. ఫస్ట్ ఇయర్ పిల్ల నాలుగు డబుల్ టచ్‌లు ఇచ్చింది. బయట నుంచి ఎవరో "సీనియర్‌ని పెట్టండి మేడం" అని అరిచారు కూడా. మార్చలేదు. టైమౌట్‌లో ఆ పిల్లతో "మోకాళ్లు వంచి బంతి కిందకి వెళ్లు" అని ఒక్క మాట అన్నాను, మిగతా టైం నీళ్లు తాగమన్నాను. రెండో సెట్‌లో 17-19 వెనకబడ్డాం. అప్పుడు రెండు మార్పులూ చేశాను. మా కెప్టెన్ బంతి తీసుకుని వెనక్కి వెళ్లింది, రెఫరీ విజిల్ కోసం ఆగింది, వాళ్ల ఐదో పొజిషన్ అమ్మాయి వైపు చూసింది. నోట్‌బుక్‌లో ఆ అమ్మాయి ఎదురుగా వరసగా 1, 1, 0 ఉన్నాయని నాకు తెలుసు. వరసగా నాలుగు సర్వీసులు అక్కడికే. 21-19. ఆ సెట్ 25-22తో మాది. మూడోది 15-12తో ఓడాం.

తిరుగు బస్సులో పిల్లలందరూ నిద్రపోయారు. మంగళగిరి దాటాక తను నా పక్క సీటులోకి వచ్చి కూర్చుని "మూడో సెట్‌లో నన్ను ఇంకా ముందే పంపాల్సింది అక్కా, 8-9 దగ్గరే" అంది. ఆలోచిస్తే అది నిజమే. 11-13 దాకా ఆగడం నా తప్పు, నెర్వస్ అయ్యాను. అదే చెప్పాను తనకి.

---

గుంటూరు పీడీ (రిటైర్డ్):

ఆ స్టేడియంలో మ్యాచ్ అని ముందు తెలిస్తే వచ్చి కూర్చునేవాణ్ణి తల్లీ. 17-19 దగ్గర మార్చడానికి గుండె కావాలి. మూడో సెట్ పదిహేనుకే అయిపోతుంది కాబట్టి అక్కడ అన్నీ ముందే చేయాలి, ఆగితే ఆట ఆగదు.

ఎలిజిబిలిటీ ఫారాలు పంపావా? ఫస్ట్ ఇయర్ పిల్లల టెన్త్ సర్టిఫికెట్లు ఒరిజినల్స్ దగ్గర పెట్టుకో. పుట్టిన తేదీకి జిరాక్స్ చూపిస్తే కొన్నిచోట్ల ఒప్పుకోరు. మంచి సెట్టర్ దొరికి, కాగితం లేక బయట కూర్చున్న టీములని చూశాను.

---

కృష్ణలంక కోచ్:

అందరివీ ఉన్నాయి సార్, మా ఫస్ట్ ఇయర్ సెట్టర్ పిల్లదే లేదు. ఒరిజినల్ ఇంటర్ కాలేజీలో ఉండిపోయిందట. రేపు మొదటి బస్సుకి ఆ పిల్లని తీసుకుని తిరువూరు వెళ్తున్నాను. ఉదయం ప్రాక్టీస్ కెప్టెన్ చేయిస్తానంది, నెట్ కూడా తనే దించుతానంది. స్టోర్‌రూం తాళంచెవి ఇచ్చి వచ్చాను.